ఆరాధన నాటి తులసిదండ

తాతస్వామి పాదాల దగ్గర కూర్చుని మార్కండేయులు ఆ సాయంత్రం అడిగిన ప్రశ్న ఇదీ: "స్వామీ, నెత్తురు అబద్ధమాడుతుందా?"

వింటున్నారా? గురువుల్ని శిష్యులు ఏమడుగుతారు? జీవుడెవరు, దేవుడెవరు, మాయ ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడుగుతారు. మన మార్కండేయులు నెత్తురు సంగతి అడిగాడు. దానికో కారణం ఉంది. చెబుతాను, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి.

నాగావళి ఒడ్డున వెలగకొండ అని చిన్న గుట్ట. ఆ గుట్ట మీద తాతస్వామి ఆశ్రమం. మార్కండేయులు అక్కడికి రాకముందు పట్నంలో ఒక ఆసుపత్రిలో పనిచేసేవాడు. షుగరు ఉన్నవాళ్లకి ఏం తినాలి, ఎంత నడవాలి, మాత్రలు ఎప్పుడు వేసుకోవాలి, పాదాలు ఎలా చూసుకోవాలి అని చెప్పడం అతని ఉద్యోగం. అదంతా వదులుకుని గుట్టెక్కి, మంత్రం ఇమ్మని చేతులు కట్టుకుని నిలబడితే, స్వామి అతన్ని ఎగాదిగా చూశారు. "చదివిన చదువు కిందే దించి వచ్చావా, వెంట తెచ్చావా?" అన్నారు.

అలా పుట్టింది చక్కెర సత్సంగం. ఆ పేరు కూడా జనం పెట్టిందే.

ఏకాదశికి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా గుట్టకి వస్తారు. రోజంతా ఉపవాసం, ఆపైన భజన. మర్నాడు ద్వాదశి పొద్దున ప్రసాదంతో ఉపవాసం విడిచి దిగి వెళ్లిపోతారు. ఆ ప్రసాదానికి ముందు, షుగరు ఉన్నవాళ్లందరినీ మార్కండేయులు మండపంలో చాపల మీద కూర్చోబెట్టేవాడు. పరగడుపునే ఉన్నారు, పైగా అందరూ ఒక్కచోటే దొరికారు, ఇంతకంటే ఏం కావాలనుకున్నాడు. వేలి మీద చిన్న పోటు, మీటరులో నెత్తుటి చుక్క. వచ్చిన అంకె మైకులో చదివేవాడు. అంకె బాగుంటే మండపమంతా "గోవిందా!" అని మోగేది. ఎక్కువగా ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ ఏమీ అనకపోవడం ఉంది చూశారూ, అది సూదికంటే లోతుగా దిగేది. అందరిలోకీ అంకె తక్కువున్నవాళ్లకి స్వామివారి తులసిదండ. ఆ తర్వాత మార్కండేయులు అరుగెక్కి పాఠం చెప్పేవాడు.

నెల మీద నెల గడిచేకొద్దీ గోవిందలు పెరిగాయి. మార్కండేయులికి భూమి మీద కాళ్లు ఆనడం లేదు.

దండ తరచుగా రవణమ్మకే దక్కేది. రవణమ్మది గుట్ట కింద ఊరే, నెత్తిన గంప పెట్టుకుని ఊరూరా తిరిగి కూరగాయలమ్ముకునే మనిషి. ఆమె పెనిమిటికీ ఇదే షుగరు. కాలిపుండు మానక ముందు వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, ఆ తర్వాత మనిషే లేకుండా పోయాడు. సత్సంగానికి వచ్చిన తొలిరోజే ఆమె మార్కండేయులి చేతులు రెండూ పట్టుకుంది.

"బాబూ, నాకు మోచ్చం వద్దు. నా కాళ్లు నాకు మిగిల్చు, అంతే సాలు," అంది.

మిగులుస్తానని మాటిచ్చాడు మార్కండేయులు.

ఇదిలా ఉండగా గోదావరి తీరం నుంచి కబురొచ్చింది. అక్కడ ఇంకో ఆశ్రమం నడిపే భూషణంగారు ఈ సత్సంగం సంగతి విన్నారట. కళ్లారా చూసి, నచ్చితే తమ దగ్గరా, తమ శాఖలన్నింట్లోనూ పెడతామన్నారట. మార్కండేయులు ఆ కబురు విన్న పూట అన్నం తినడం కూడా మర్చిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఊళ్లో డాక్టరుగారు ఫోను చేశారు. అంతకు కొన్నాళ్ల ముందు ఆయన సత్సంగం వాళ్లందరి నెత్తురూ తీసి, మూడు నెలల సగటు తెలిపే పరీక్షకి పంపారు. ఫలితం వచ్చింది. తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. కొందరికి పెరిగింది. అందరిలోకీ ఎక్కువ రవణమ్మకే.

అదండీ సంగతి. ద్వాదశి నాటి చుక్క బాగుందంటుంది, మూడు నెలల సగటు బాగులేదంటుంది. మార్కండేయులు ఎవర్ని నమ్మాలి?

స్వామి అంతా విన్నారు. విని, రేపేమిటి అని అడిగారు.

రేపు స్వామివారి గురువుగారి ఆరాధన అనీ, భూషణంగారు వచ్చేదీ రేపేననీ చెప్పాడు మార్కండేయులు.

"అయితే సత్సంగం రేపే పెట్టు. భోజనాలయ్యాక," అన్నారు స్వామి.

ఆరాధన భోజనమంటే మాటలా? బెల్లం పరమాన్నం, బూరెలు, పులిహోర, విస్తరి అంచు కనపడకుండా అన్నం! అది తిన్నాక చూస్తే అంకెలు గుట్టంత ఎత్తుకి లేస్తాయని, అదీ భూషణంగారి ఎదుట అని మార్కండేయులు ఎంత మొత్తుకున్నా, స్వామి ఒక్కటే అన్నారు.

"దండ మాత్రం మర్చిపోకు."

తెల్లారింది. ఆహా, ఏం సందడండీ అది! సన్నాయి ఒక పక్క, డోలు ఒక పక్క, గుట్ట మెట్ల పొడుగునా జనం. కాగిన బెల్లం వాసన నది దాకా పోయింది. భూషణంగారు కారు దిగి, పంచె కుచ్చిళ్లు సవరించుకుంటూ పైకొచ్చారు. స్వామి అందరితో పాటు బంతిలో కూర్చున్నారు. పరమాన్నం ఒకసారి వేశారు. వంటావిడ మళ్లీ గరిటె ఎత్తితే, చెయ్యి అడ్డం పెట్టాల్సిన స్వామి విస్తరి ముందుకి జరిపారు. అవతలి బంతిలో వడ్డిస్తున్న మార్కండేయులు చూశాడు. చూసి పళ్లు కొరుక్కున్నాడు.

భోజనాలై రెండు గంటలు గడిచాక మండపంలో చాపలు పరిచారు. మైకు పెట్టారు. పళ్లెంలో తులసిదండ పెట్టారు. మార్కండేయులు మొదటి పేరు పిలిచాడు.

ఎవరూ లేవలేదు.

ద్వాదశి పొద్దున ముందు నేనంటే ముందు నేనని తోసుకొచ్చే జనమేనండీ వీళ్లు! ఒకాయనకి తలపాగా జారిపోయి కట్టుకోవడమే సరిపోయింది. ఒకావిడకి మనవరాలు ఏడుస్తున్నట్టు వినపడింది. అప్పన్న అని ఒకప్పటి బస్సు కండక్టరు ఉన్నాడు, ఎప్పుడూ నోరు మూయని మనిషి, ఆయన పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు. రవణమ్మ స్తంభం వెనక చేరి, కాళ్లు చీర కింద ముడుచుకుంది. మార్కండేయులు రెండో పేరు పిలిచాడు, మూడో పేరు పిలిచాడు. భూషణంగారు గొంతు సవరించుకున్నారు.

అప్పుడు తాతస్వామి పీఠం మీంచి లేచారు. కర్ర పక్కన పెట్టి, మెల్లగా దిగి వచ్చి, చాప మీద అప్పన్న పక్కన కూర్చున్నారు. కూర్చుని వేలు చాపారు.

స్వామికి షుగరుందని మార్కండేయులికీ వంటావిడకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. జనంలో కలకలం. మార్కండేయులు సూది గుచ్చాడు. మీటరు వంక చూశాడు. రెండు వందల తొంభై ఆరు. గబుక్కున మైకు కట్టేశాడు.

"మైకు పెట్టు," అన్నారు స్వామి.

"స్వామీ, ఇది..."

"అది నా అంకె నాయనా, నీది కాదు. చదువు."

చదివాడు. మండపం చివర సన్నాయి వాయించే అతను కూడా ఊదడం ఆపి చూస్తున్నాడు.

స్వామి మాత్రం పక్కింటి వాళ్లతో మాట్లాడుతున్నంత తీరిగ్గా చాపల వైపు తిరిగారు. "పరమాన్నం రెండోసారి వేయించుకున్నాను. రుచిగా ఉంది. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

అడిగింది మార్కండేయుల్ని కాదు, జనాన్ని! ఇన్నాళ్లుగా వాళ్లని ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అప్పన్న దూలాల మీంచి చూపు దించాడు.

"నేనేటి సెప్తాను సామీ, నాదీ ఆ లెక్కే ఉంటాది," అని తన వేలు చాపాడు. చాపి, మార్కండేయులి వైపు తిరిగాడు. "బాబూ, నువ్వేమో ఏకాసి మర్నాడు చెకింగుకొస్తావు. ఆ యేళకి బస్సు కాళీ. కాళీ బస్సులో టికెట్టు లేనోడు ఎలా దొరుకుతాడు?"

నవ్వు పేలింది. పేలిందంటే అలా ఇలా కాదు, భూషణంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ నవ్వుతో కట్ట తెగింది. ఏకాదశికి ముందు నుంచే అన్నం మానేసి కాకరకాయ ఉడకబెట్టుకు తాగుతానంది ఒకావిడ. ద్వాదశి ప్రసాదం తిన్నాక ఇక పదిహేను రోజులు తనకి అడ్డే లేదన్నాడు ఇంకొకాయన. పైడమ్మ అనే ఆవిడ అన్నిటికంటే పెద్ద సంగతి చెప్పింది. అంకె బాగా దిగాలని ఉపవాసం మీదే మాత్ర రెట్టింపు వేసుకునేదట. పోయిన ఏకాదశి భజనలో ఒళ్లంతా చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోయిందట.

మార్కండేయులికి గుర్తుంది. అందరూ ఆమెకి పూనకం వచ్చిందనుకున్నారు. షుగరు మరీ పడిపోయి ప్రాణం మీదికొచ్చిన మనిషికి అతనే వంగి దండం పెట్టాడు.

మైకు పక్కన పెట్టేసి వచ్చి చాప మీద కూలబడ్డాడు. ఉపవాసం ఉండదలచినవాళ్లు ముందు డాక్టర్ని అడిగి తీరాలని, మాత్రలు ఎవరూ తమంతట తాము పెంచుకోవద్దని చెప్పాడు. ఈ దండ కోసం ఇంత పని చేశారా అని అడిగాడు.

స్తంభం వెనక నుంచి జవాబొచ్చింది.

"దండ కోసం కాదు బాబూ," అంది రవణమ్మ. "అంకె బాగుంటే నీ మొకం ఎలిగిపోతాది. అది సూడ్డానికి."

అని, చీర కింద నుంచి కుడికాలు మెల్లగా ముందుకి చాపింది. పాదానికి పాతగుడ్డ చుట్టి ఉంది. మార్కండేయులు మోకాళ్ల మీద వెళ్లి గుడ్డ విప్పాడు. చిటికెనవేలి కింద పుండు. అంచులు నల్లబడుతున్నాయి.

"ఎన్నాళ్లైందమ్మా?"

"రెండు ఏకాసులు."

"నాకెందుకు చెప్పలేదు?"

రవణమ్మ తల దించుకుంది. "నువ్వు నా మెళ్లో దండేసినావు. దండేసినోడికి పుండెలా సూపించను?"

మార్కండేయులు నీళ్లు తెచ్చి ఆ పాదం కడిగాడు. శుభ్రమైన గుడ్డ కట్టాడు. ఎవరూ అడక్కముందే భూషణంగారు లేచి, తన కారు మెట్ల దగ్గరే ఉందన్నారు. అప్పుడు మార్కండేయులు మీటరు తెచ్చి, రవణమ్మ వేలి నుంచి చుక్క తీసి, అంకె ఆమెకే చూపించి, మైకులో చదవమంటావా అని అడిగాడు. చదవమంది. మూడు వందల నలభై. ఆ పూట అందరిలోకీ అదే ఎక్కువ.

పళ్లెంలోంచి తులసిదండ తీసి, మార్కండేయులు ఆమె మెళ్లో వేశాడు.

అప్పన్న గొంతే ముందు లేచింది. "గోవిందా!" అన్నాడు. మండపమంతా అందుకుంది. అయ్యా, ఆ కేకకి గుట్ట మీద పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి! అప్పన్న, ఇంకో ఇద్దరు కలిసి రవణమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, మెట్ల మీదుగా ఊరేగింపులా దించారు. స్వామి చాప మీంచి కదల్లేదు, అలా చూస్తూ ఉన్నారు.

మర్నాడు పొద్దున మార్కండేయులు, భూషణంగారు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చారు. డాక్టర్లు పుండు శుభ్రం చేసి కట్టు కట్టారు. రవణమ్మని కొన్నాళ్లు అక్కడే ఉంచి మందులిస్తామన్నారు. కాలు దక్కుతుంది, వేలు కూడా దక్కుతుందన్నారు. ఇంకో ఏకాదశి దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో వాళ్లు చెప్పలేదు, మార్కండేయులు అడగలేదు.

గుట్ట దగ్గర కారు ఆగేసరికి ఎదురుగా ఓ వింత. గుట్ట చుట్టూ ఉన్న మట్టిదారిలో నిన్నటి చాపల మీది జనమంతా బారులుగా నడుస్తున్నారు. ముందు అప్పన్న, వెనకెవరైనా ఆగితే "రైట్, రైట్" అని కేకేస్తున్నాడు. మధ్యలో కర్ర పట్టుకుని తాతస్వామి. పరమాన్నం ఎంత తినొచ్చో పైడమ్మ పక్కావిడతో తేల్చుకుంటోంది, ఒకరు గరిటెడంటే ఇంకొకరు చెంచాడంటున్నారు, ఎవరి మాట వాళ్లదే. నిన్న మార్కండేయులు వెళ్లిపోయాక కూడా సత్సంగం ఆగలేదని, దీపాలు పెట్టే వేళ దాకా ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నారని వంటావిడ కారుకి ఎదురొచ్చి చెప్పింది.

భూషణంగారు చాలాసేపు చూశారు. తమ శాఖలన్నింట్లోనూ ఇది పెట్టి తీరతామని, కావలసినవన్నీ చూసుకుంటామని అన్నారు. తర్వాత అడిగారు.

"అన్నట్టు, ఈ సత్సంగం మీరు ఎప్పుడు మొదలుపెట్టారు?"

మార్కండేయులు స్వామి వైపు చూశాడు. స్వామి అప్పన్న చెప్పేదేదో వింటూ, నవ్వుకుంటూ మలుపు తిరుగుతున్నారు.

"నిన్నండి," అన్నాడు మార్కండేయులు. చెప్పులు విడిచి, ఆ బారులో చివర్న కలిశాడు.