కొక్కెం మీద అంకె

పదకొండు కొక్కేల మీద అబద్ధం కొట్టాను. పన్నెండోది మిషన్ కింద పెడుతుంటే ఆ సంగతి తెలిసింది.

అబద్ధం చిన్నదే, ఒక్క అంకె. రెండు టన్నులు మోసే కొక్కెం మీద మూడు టన్నులు అని పడింది.

చర్లపల్లిలో మాది క్రేన్లకు కొక్కేలు చేసే కార్ఖానా. ఎర్రగా కాలిన ఇనుమును హ్యామర్ కింద వంచేవాళ్ళు వంచుతారు, సాన పట్టేవాళ్ళు పడతారు, లాగి పరీక్ష చేసేవాళ్ళు చేస్తారు. చివరికి అన్నీ నా బల్ల దగ్గరికి వస్తాయి. కంప్యూటర్లో ఫైలు తయారుచేసి మీట నొక్కడం నా పని. మిషన్ సూది టర్రుమని దిగి, కొక్కెం మెడ మీద కొన్న కంపెనీ పేరు, తారీఖు, వరుస నంబరు, ఎంత బరువు మోస్తుందో ఆ అంకె, అన్నీ చుక్కలు చుక్కలుగా పొడుస్తుంది. పొడిచాక చెరగదు. సాన పట్టి చెరిపితే మెడ సన్నబడుతుంది, ఇక ఆ కొక్కేన్ని నమ్మకూడదు.

ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. ఐటీఐ మధ్యలో వదిలేసి ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. అందులో చెప్పేవాడిది ఏ దేశం భాషో ఇప్పటికీ తెలియదు. వాడి మౌస్ ఎటు పోతే నా మౌస్ అటు పోయింది. ఆ మాత్రం చదువుకే నేను కార్ఖానాకి ఇంజనీర్నని అనుకునేవాణ్ణి. అలా అనుకున్నది నేనొక్కణ్ణే.

మిషన్ అసలు జహంగీర్ ఉస్తాద్‌ది. అరవై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు స్టీలు సామాన్ల కొట్టు ముందు కూర్చుని గిన్నెల మీద పేర్లు కొట్టేవాడట. కొట్టే ముందు గిన్నె మీద పెన్సిల్‌తో రాసి, కొన్నవాళ్ళ చేతికిచ్చి "సదువుండ్రమ్మా" అనేవాడట. వాళ్ళు చదివి సరేనన్నాకే సూది పెట్టేవాడు.

ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చాడు. కొత్త ఫైలు ఏదైనా సరే, మొదటి కొక్కెం మెడకి తెల్ల టేపు అంటించాలి. సూది దెబ్బ తగ్గించి ముందు ఆ టేపు మీద కొట్టాలి. కొట్టినవాడు చదవకూడదు. ఇంకొకణ్ణి పిలిచి చదివించాలి. ఆర్డరు కాగితంతో సరిపోతేనే టేపు పీకి ఇనుము మీద కొట్టాలి.

నాకది నామోషీ. వారం కిందట అందరి ముందూ అనేశాను.

"ఉస్తాద్, కొట్టేది ముందే తెర మీద కనిపిస్తది. టేపు కాలం పోయింది."

ఉస్తాద్ కోపం తెచ్చుకోలేదు. టేపు చుట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"మంచిది ఇంజనీర్ సాబ్. ఇయ్యాల్టి సంది మిషన్ నీదే. నేనేం అడగ."

ఆ చుట్ట మీద టీ గ్లాసు పెట్టుకోవడం మొదలుపెట్టాను. సరిగ్గా సరిపోయింది.

ఇక ఆ రోజు సంగతి. ఆర్డరు అరవై కొక్కేలు, రెండు టన్నులవి. మూడు గంటలకు ఇన్‌స్పెక్షన్ మేడం వచ్చి చూసి సంతకం పెడితే సాయంత్రం లారీ ఎక్కాలి. ముందురోజు నేను కొట్టినవి మూడు టన్నులవి. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కొత్త ఫైలు మొదటినుంచి చేసుకోవడం తెలివిలేనివాళ్ళ పని కనక నిన్నటిదే కాపీ చేశాను. తారీఖు మార్చాను. కంపెనీ పేరు మార్చాను. వరుస నంబరు ఒకటికి తెచ్చాను.

బరువు లైను మాత్రం మారలేదు. ఎవరి చెయ్యైనా తగిలి అది పక్కకి జరుగుతుందేమోనని, ముందురోజే ఫైల్లో ఆ లైనుకి తాళం వేశాను. ఎవరి చెయ్యైనా అంటే నా ఉద్దేశం ఉస్తాద్ చెయ్యి.

పన్నెండో కొక్కెం చేతిలో పట్టుకుని తెర వైపు చూశాను, ఆర్డరు కాగితం వైపు చూశాను, మళ్ళీ తెర వైపు చూశాను. టైము పదకొండున్నర. షెడ్డులో హ్యామర్ దబదబమని కొడుతోంది.

ఈ ఆర్డరు సాఫీగా పోతే వచ్చే నెలనుంచి నువ్వే మార్కింగ్ సూపర్‌వైజర్‌వి అని ఓనరు పొద్దున్నే అన్నాడు. సాఫీగా పోకపోతే ఏమిటో అనలేదు, అనక్కర్లేదు. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. టేపు కాలం పోయిందన్న నా మాట ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

తాళం తీశాను. మూడుని రెండు చేశాను. మిగిలిన నలభై తొమ్మిదీ సరిగ్గా కొట్టాను. ఆ పదకొండింటినీ పెట్టె అడుగున పేర్చి, పైన మంచివి పేర్చాను. వచ్చినవాళ్ళు పైనుంచి నాలుగైదు తీసి చూస్తారు. పెట్టె అడుగుదాకా వంగే ఇన్‌స్పెక్టర్‌ని నేను అంతవరకూ చూడలేదు.

మనసుకి కూడా ఒక లెక్క చెప్పుకున్నాను. రెండు టన్నుల కొక్కెం అంటే రెండు దాటగానే తెగుతుందని కాదు. నాలుగింతలు తట్టుకునేలా చేస్తారు. ఇదీ వీడియోలో చూసిందే. మరి మూడు అంటే అబద్ధం ఎలా అవుతుంది?

లెక్క నిజమే. దొంగపనికి ఒక నిజాన్ని తోడు తీసుకుపోతే ఎంత ధైర్యంగా ఉంటుందో అప్పుడే చూశాను.

ఒంటిగంటన్నరకి ఉస్తాద్ నమాజు చేసుకుని వచ్చాడు. టోపీ మడిచి జేబులో పెట్టుకుని తిన్నగా పెట్టె దగ్గరికి నడిచాడు. పై వరసలో ఒక కొక్కెం తీసి, మెడ మీది చుక్కల మీద బొటనవేలు రుద్దాడు. దాన్ని అక్కడే పెట్టాడు. తర్వాత మోచెయ్యి మునిగేదాకా చెయ్యి దింపి, అడుగు నుంచి ఒకటి తీశాడు.

బొటనవేలు రుద్దాడు. ఈసారి వేలు ఒకచోట ఆగింది.

తిట్టుకోసం ఎదురుచూశాను. తిట్టు రాలేదు.

కొక్కెం పట్టుకుని షెడ్డు మధ్యకి నడిచాడు. అక్కడ పై దూలానికి ఐదు టన్నుల చైన్ పుల్లీ ఉంది. దాని చివర ఈ కొక్కేన్ని తగిలించాడు. కింద ఒక పాత హ్యామర్ దిమ్మె పడి ఉంటుంది. దాని బరువు దాని మీదే తెల్ల పెయింటుతో రాసి ఉంటుంది, 2700 కేజీలని. దిమ్మెకి గొలుసు చుట్టి కొక్కేనికి వేశాడు. పుల్లీ లాగడం మొదలుపెట్టాడు.

కరకరమంటూ దిమ్మె నేల వదిలింది. మోకాలెత్తు. నడుమెత్తు. ఛాతీ ఎత్తుకి వచ్చాక ఆపాడు.

అప్పుడు సంచీలోంచి దస్తర్‌ఖాన్ తీసి, అన్నం ముందు పరుచుకునే ఆ గుడ్డని, సరిగ్గా దిమ్మె కింద పరిచాడు. వంగి లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. తలకీ దిమ్మెకీ మధ్య మూరెడు సందుంది.

బరువు వేలాడుతుంటే దాని నీడలో కూడా నిలబడొద్దని, కార్ఖానాలో చేరిన రోజే నాకు చెప్పిన మనిషి.

"బేటా, రా. తిందాం."

"అక్కడనా ఉస్తాద్?"

"ఫ్యాన్ గాలి ఈడ మంచిగ తగుల్తది."

"పైన బరువుంది."

"రెండువేల ఏడొందలు. కొక్కెం మీద ఎంత రాసుంది?"

నేను ఫ్యాన్ వైపు చూశాను.

"నిన్నే అడిగేది. కొట్టింది నువ్వే గద?"

"మూడు టన్నులు."

"మరింకేం? మూడొందలు మిగిలే ఉన్నయ్. రా."

"ఆకలైతలేదు ఉస్తాద్."

"నాకైతుంది" అని జొన్నరొట్టె తుంచి గోంగూరలో అద్దాడు.

నా లెక్క నాకు గుర్తుంది. నాలుగింతలు. ఎనిమిది టన్నులదాకా ఏమీ కాదు. తల ఆ లెక్క చెబుతూనే ఉంది, కాళ్ళు మాత్రం అంగుళం కదల్లేదు. వీడియోలు చూసింది తల, కాళ్ళు కాదు.

దిమ్మె సన్నగా ఊగుతోంది. గొలుసు ఎక్కడో కిర్రుమంది. ఉస్తాద్ తొందరపడకుండా నములుతున్నాడు. ఆయన మింగిన ప్రతి ముద్దనీ నేను లెక్కపెట్టాను.

అప్పుడే హ్యామర్ ఆగింది. హ్యామర్ మీద పనిచేసే భద్రయ్య టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆరడుగుల మనిషి, ఎప్పుడూ ఉస్తాద్ గోంగూర మీదే కన్ను.

"ఏంది ఉస్తాద్, ఇయ్యాల ఉయ్యాల కింద కూసున్నవ్?"

"గాలి కోసం. రా, జాగ ఉంది."

భద్రయ్య దిమ్మె మీది అంకె చూశాడు. మడమలెత్తి, కళ్ళు చిట్లించి, కొక్కెం మీది అంకె చదివాడు.

"మూడు. చాలు తియ్" అన్నాడు.

తువ్వాలు పరిచి, వంగి, దిమ్మె కిందికి వెళ్ళి కూర్చున్నాడు. డబ్బా మూత తీశాడు.

నా గొంతులోంచి వచ్చింది మాట కాదు, కేక.

"భద్రన్నా, లే! అది రెండే! రెండు టన్నులదే! ఉస్తాద్, లేవుండ్రి!"

భద్రయ్య ఎలా బయటపడ్డాడో తెలియదు గానీ, డబ్బా మాత్రం పడింది. కోడిగుడ్ల పులుసు నేలపాలు. ఆ పులుసు సంగతి ఇప్పటికీ ఎత్తుతుంటాడు.

ఉస్తాద్ కంగారుపడలేదు. దస్తర్‌ఖాన్ నాలుగు మూలలూ కలిపి పట్టుకుని, గోడ దగ్గరికి తెచ్చి మళ్ళీ పరిచాడు. పుల్లీ దించి దిమ్మెని నేల మీద పెట్టాడు.

"ఇంకెన్ని ఉన్నయ్?"

"ఇంకో పది."

"ముందు తిను."

తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు.

తర్వాత ఆ పదకొండింటినీ గ్యాస్ కట్టర్‌తో నేనే రెండేసి ముక్కలు చేశాను. చివరి ముక్క ఎర్రగా ఉండగానే మేడం స్కూటర్ చప్పుడు వినిపించింది. ఎదురెళ్ళాను.

"మేడం, అరవై లేవు. నలభై తొమ్మిదే ఉన్నాయి. పదకొండింటి మీద నేను తప్పు అంకె కొట్టాను."

ఆమె నన్ను చూసింది. ముక్కల గుట్టని చూసింది. చల్లారిన ఒక ముక్క తీసి, మెడ మీది మూడుని చదివి, దాని జత ముక్క పక్కన పెట్టింది. తర్వాత స్టూలు లాక్కుని పెట్టె పక్కనే కూర్చుంది.

"అన్నీ బయటపెట్టండి. ఒక్కోటి చూస్తాను."

పెట్టె అడుగుదాకా వంగే ఇన్‌స్పెక్టర్లు కూడా ఉన్నారన్నమాట.

లారీ ఆ సాయంత్రం కదల్లేదు. ఓనరు ఫోనులో అన్న మాటలు ఇక్కడ రాయడానికి పనికిరావు. సూపర్‌వైజర్ కుర్చీ అలాగే ఉంది, అందులో ఇంకొకడు కూర్చున్నాడు. నన్ను మాత్రం వెళ్ళగొట్టలేదు. ఎందుకో ఓనరు చెప్పలేదు, ఉస్తాద్‌ని అడిగితే రొట్టె గురించి మాట్లాడాడు.

మర్నాడు పొద్దున టీ గ్లాసు కింద నుంచి టేపు చుట్ట లాగాను. పైన గుండ్రంగా మరక పడి ఉంది. ఒక ముక్క చింపి, ఆ పదకొండింటికి బదులు వచ్చిన వాటిలో మొదటి కొక్కెం మెడకి అంటించాను. దెబ్బ తగ్గించి మీట నొక్కాను.

"భద్రన్నా, జర ఇది చదువు."

"నిన్న సదివినందుకే పులుసు పోయింది" అంటూ వచ్చాడు. టేపుని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. "రెండు టన్నులు. నంబరు ఒకటి."

ఆర్డరు కాగితం చూశాను. టేపు పీకాను. దెబ్బ పెంచి మళ్ళీ నొక్కాను.

సూది ఆగాక, భద్రయ్య హ్యామర్ దగ్గరికి పోయాక, ఉస్తాద్ పక్కకి చేరాను.

"ఉస్తాద్, నిన్న ఆ కొక్కెం తెగదని మీకు ముందే తెలుసా?"

ఆయన కొక్కెం తీసుకుని, మెడ మీద బొటనవేలు రుద్ది, పెట్టెలో పెట్టాడు.

"నాకు తెలుసు, నీకు తెలుసు" అన్నాడు. "భద్రయ్యకు తెల్వదు."