యోర్దాను సాంబారు

"ఆవిడ క్షమించడం లేదండి అయ్యగారూ," అన్నాడు పరంజ్యోతి. గుమ్మంలో చెప్పులైనా విప్పలేదు.

జకరయ్య అయ్యగారు ఆ ఊరి చర్చికి పాస్టరు. డెబ్బై దాటాయి. పెరట్లో గోంగూర మడికి నీళ్ళు పెడుతున్నారు. పరంజ్యోతి రెండేళ్ళుగా ఆయన దగ్గర ఉపదేశి పని నేర్చుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళ మనిషి. గొంతు బాగుంటుంది, కన్నీళ్ళు అంతకన్నా బాగుంటాయి. ఏ పాటైనా మూడో చరణానికల్లా ఏడ్చేయగలడు.

"ఎవరు?" అన్నారు అయ్యగారు.

"దీనమ్మండి."

చర్చిలో ప్రేమవిందు అంటే ఇరవై ఏళ్ళుగా దీనమ్మ వంటే. పోయిన ఈస్టరు విందులో పరంజ్యోతి సాంబారు గరిటెతో ఎత్తి చూసి, పంక్తి మొత్తానికీ వినబడేలా, "ఇది సాంబారా, యోర్దాను నదా? మునిగి బాప్తిస్మం తీసుకోవచ్చు గానీ, అడుగున పప్పు మాత్రం కాలికి తగలదు," అన్నాడు. జనం విస్తళ్ళ ముందు పడీపడీ నవ్వారు. అక్కడుంటే మనమూ నవ్వేవాళ్ళమే. సాయంత్రానికల్లా ఆవిడ పేరు యోర్దానమ్మ అయిపోయింది. పై ఆదివారం నుంచి దీనమ్మ చర్చి గడప తొక్కలేదు.

పరంజ్యోతి చెడ్డవాడు కాదు. నెల తిరక్కుండానే మనసు కలుక్కుమంది. శుక్రవారం కూటంలో మైకు పట్టుకుని తప్పు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవాలంటే ఏమన్నాడో చెప్పాలి కదా, చెప్పాడు. జనం మళ్ళీ నవ్వారు. అప్పుడు ఏడ్చాడు. జనమూ ఏడ్చారు. ఇంత చక్కగా నవ్వించి ఏడిపించే సాక్ష్యం ఇంకెవరి దగ్గరా లేదని పక్క ఊరివాళ్ళు పిలిచారు, ఆ పక్క ఊరివాళ్ళూ పిలిచారు.

"ఆరు ఊళ్ళలో మారుమనస్సు పొందానండి," అన్నాడిప్పుడు. "మొన్న సంతలో ఎదురైతే వందనాలు కూడా చెప్పాను. మొహం తిప్పేసుకుంది. క్షమించకపోవడమూ పాపమే కదండీ?"

"ఆవిడకి చెప్పావా?"

"మైకులో చెప్పానండి. ఆ గొట్టం ఆవిడ ఇంటివైపే తిప్పి ఉంటుంది."

అయ్యగారు చెంబు పక్కన పెట్టారు. "సంతలో ఆవిణ్ణి ఏమని పిలుస్తున్నార్రా?"

పరంజ్యోతి నసిగాడు. "యోర్దానమ్మ అనేనండి."

"ఎన్ని ఊళ్ళవాళ్ళు వస్తారు ఆ సంతకి?"

"ఆరు..." అని పరంజ్యోతి అక్కడే ఆగిపోయాడు.

అయ్యగారు లోపలికి వెళ్ళి ఉల్లిపాయల మూట ఈడ్చుకొచ్చి, అతని భుజానికెత్తారు. "పద."

దీనమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"దీనమ్మా, ఆదివారం కోత పండుగ. వంట నువ్వే చెయ్యాలి," అన్నారు అయ్యగారు. "కోతకి మనిషిని కూడా తెచ్చాను."

దీనమ్మ మూట కింద వంగిపోయిన మనిషిని ఎగాదిగా చూసింది. "ఈ బాబు కోతలు ఆరూళ్ళూ విన్నాయిగా అయ్యగారూ."

"ఇవి ఉల్లిపాయలు. అక్కడ మైకు ఉండదు."

ఆవిడ చేటలో బియ్యమంతా చెరిగి పక్కన పోసింది. "అయితే నోరు మూసుకుని కొయ్యాలి," అంది చివరికి. "ఒక్క మాట మాట్లాడినా గరిటె పారేసి వచ్చేస్తా."

ఆదివారం పొద్దున చర్చి వెనక వంటపాకలో పరంజ్యోతి కత్తిపీట ముందు కూర్చున్నాడు. జన్మలో ఉల్లిపాయ కోసిన మనిషి కాదు. పదో ఉల్లిపాయకే కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. ఇంతటి ఏడుపు ఏ కూటంలోనూ ఏడ్చింది లేదు, ఒక్కరూ ఆమెన్ అనలేదు.

"ముక్కల్లో పడనివ్వకు బాబూ, ఉప్పెక్కువవుద్ది," అంది దీనమ్మ.

ఆవిడ చేతుల మీద పాత కాలిన మచ్చలు అతనికి అప్పుడు కనబడ్డాయి. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాడు. షరతు గుర్తొచ్చి మూశాడు. మైకు లేకుండా నిజంగా చెప్పాలనిపించింది ఆ ఒక్కసారే, ఆ ఒక్కసారే చెప్పే వీల్లేకపోయింది.

ఆరాధన ముగిసింది. దీనమ్మ తడిక సందులోంచి జనాన్ని చూసి నిట్టూర్చింది.

"ఈస్టరుకీ ఇంతే. పెద్దలేమో రెండొందల మందికని పప్పు కొలిచిస్తారు. మైకులో 'చుట్టపక్కాలందర్నీ తీసుకురండి' అని పిలిచిన మహానుభావుడెవరో గానీ, మూడొందల మంది వస్తారు. ఆకు ముందు కూర్చున్నవాళ్ళలో ఎవర్ని లేపను?"

ఆ మహానుభావుడి చెవులు ఎర్రబడ్డాయి. రెండుసార్లూ పిలిచింది తనే.

దీనమ్మ నీళ్ళ బిందె అందుకోబోయింది. పరంజ్యోతి ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. తనే సాంబారు గుండిగలో పోశాడు. ఒకటి, రెండు. మూడో బిందెకి ప్రాణం ఉసూరుమంది, అయినా పోశాడు.

వడ్డన మొదలైంది. సంఘపెద్ద మోషే గారు విస్తట్లో వేలు పెట్టి కలిపి చూశారు. "ఓహో! మళ్ళీ యోర్దాను పారిందే! యోర్దానమ్మ తిరిగొచ్చిందన్నమాట!"

నవ్వులు లేచాయి. తడిక వెనక గరిటె చప్పుడు ఆగిపోయింది.

"పరంజ్యోతీ, ఆ సాక్ష్యం ఓసారి చెప్పవయ్యా. మైకు తెప్పిస్తాను."

పరంజ్యోతి సాంబారు బకెట్టు పట్టుకుని పంక్తి మధ్యలో నిలబడ్డాడు. ఉల్లిపాయలకి కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఏడవడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఏడవలేదు.

"నీళ్ళు పోసింది నేనండి," అన్నాడు. "మూడు బిందెలు. అప్పుడూ ఇప్పుడూ పప్పుకి మించి జనాన్ని పిలిచిందీ నేనే. దీనమ్మక్క అప్పుడు అందరికీ సరిపెట్టింది, అంతే."

మొదటి నవ్వు తడిక వెనక నుంచి వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత చర్చి ఆవరణలో వినబడిన దీనమ్మ నవ్వు అది. ఆ తర్వాత అందరూ నవ్వారు.

పంక్తి చివర జకరయ్య అయ్యగారు అన్నం మధ్య పెద్ద గుంట చేసుకుని తలెత్తారు.

"యోర్దానయ్యా," అన్నారు, "ఇంకో గరిటె పొయ్యి."