నిచ్చెన పెరట్లో పెట్టిన పూట

"'డిస్కు నత్త, మెమరీ గుర్రం. గుర్రం ఉన్నోడికి నత్తెందుకు, పీకి పారేయండి' అని వీడియోలో ఆయన చెప్పాడు మాస్టారూ. నేను కల్పించింది కాదు," అన్నాడు పైడిరాజు గొంతు పెంచి.

గొడవ వరహాలమ్మ గారింట్లో. ఆవిడ ఇంట్లోనే కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు చేస్తుంది. మెమరీ నిండిపోతే కంప్యూటరు కొంత సరంజామాని డిస్కు మీద ఓ మూల దాచుకుంటుంది. వర్చువల్ మెమరీ అంటే అదే. మాస్టారి దగ్గర రిపేరు నేర్చుకుంటున్న పైడిరాజు మొన్న వచ్చి ఆ మూలని సున్నా చేసిపోయాడు. నిన్నంతా కంప్యూటరు పరుగే పరుగు. ఇవాళ పొద్దున ఆవిడ తలంబ్రాల ఫొటోలన్నీ ఒక్కసారి తెరిచేసరికి చెప్పాపెట్టకుండా అంతా మూసుకుపోయింది. సేవ్ చెయ్యని పదహారు పేజీలు పోయాయి. ఆల్బమ్ రేపు సాయంత్రానికివ్వాలి. మాస్టారిని పిలిపించి, ఇతన్నింక కంప్యూటరు మీద చెయ్యి వెయ్యనివ్వనని ఆవిడ తెగేసి చెప్పింది.

"నెమ్మదైనదాన్ని తీసేస్తే తప్పేటి మాస్టారూ? నిజంగా తెలీకే అడుగుతున్నాను."

అప్పలాచారి మాస్టారికి అడగ్గానే జవాబిచ్చే అలవాటు లేదు. పార్వతీపురంలో ఆయన దగ్గర రిపేరు నేర్చుకున్నవాళ్లందరికీ అది తెలుసు. ఆయన వంటింట్లోకెళ్లి, అటక మీది డబ్బాలూ డేగిసాలూ అన్నీ పొయ్యి గట్టు మీదకి దింపించి, నిచ్చెన తీసుకెళ్లి పెరట్లో పెట్టొచ్చాడు. వరహాలమ్మ గారిని పోయిన పేజీలు మళ్లీ చేసుకోమనీ, ఈ పూట వంట పైడిరాజుదేననీ, ఏ గిన్నయినా గట్టు దాటకూడదనీ చెప్పాడు.

అన్నం దాకా బాగానే సాగింది. పులుసు ఉడికాక పైడిరాజు గిన్నె మసిగుడ్డతో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఆ పొయ్యి మీద బాణలి పెట్టేశాడు. తర్వాత చూస్తే గట్టు మీద బెత్తెడు చోటు లేదు. మసిగుడ్డలోంచి వేడి వేళ్లకి తగులుతోంది.

"ఎక్కడ పెట్టమంటారు మాస్టారూ?"

"గట్టు మీద."

"చోటేదీ?"

"లేకపోతే వదిలెయ్."

పైడిరాజు ఆయన వంక చూశాడు, నేల వంక చూశాడు. వరహాలమ్మ నవ్వాపుకుంటూ లేచొచ్చి పిండి డబ్బా చంకనెత్తుకుంది. గిన్నె దిగింది.

"నీకు నోరుంది కాబట్టి అడిగావు. కంప్యూటరుకి లేదు, వదిలేసింది," అన్నాడు మాస్టారు.

భోజనాలయ్యాక ఆవిడే కుర్చీ జరిపి అతనికిచ్చింది. పైడిరాజు సున్నా చెరిపేశాడు. ఈసారి డిస్కులో ఉన్న ఖాళీ అంతా ఆ మూలకే రాసిచ్చేద్దామని అంకెలు కొట్టబోతుంటే వెనక నుంచి మాస్టారి గొంతు వినబడింది.

"అటక మీద వంట మొదలెడతావా ఏటి?"

అతని వేళ్లు ఆగిపోయాయి. ఎంత కావాలో కంప్యూటరునే చూసుకోమని వదిలేశాడు. ఆవిడ తలంబ్రాల ఫొటోలు మళ్లీ తెరిచింది. కంప్యూటరు కాస్త ఆయాసపడింది గానీ మూసుకుపోలేదు. పైడిరాజు పెరట్లోకెళ్లి నిచ్చెన మోసుకొచ్చి, ఎక్కడుండేదో అక్కడే ఆనించాడు.

ఇంతకీ, మీ ఇంట్లో నిచ్చెన ఎక్కడుంది?