పరుపులో ఎవరమ్మా

పొద్దున పరుపు కుట్టే ఆయన సూదిలో దారం ఎక్కించి, కుట్టబోయే ముందు పరుపు మూతి దగ్గర వంగి "లోపల ఎవరమ్మా" అని మూడుసార్లు అడిగాడని పగలంతా పొట్ట పట్టుకుని నవ్వావు కదా చిట్టితల్లీ. అలా ఎందుకు అడుగుతారో చెబుతాను. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొడుతూ ఉండు. నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగిపోతుంది.

అనగనగా అన్నానని మరీ రాజుల కాలానికి పోకు, అంత వెనకటి మాట కాదు. ఒక ఊళ్ళో ఒక వీధి. ఆ వీధిలో వకుళ అని ఎనిమిదేళ్ళ పిల్ల. ఆ పిల్లకి ఒక పిల్లి. పటికబెల్లం ముక్కలా తెల్లగా ఉంటుందని దాని పేరు పటిక.

పటిక పక్కన లేకపోతే వకుళకి నిద్ర పట్టదు. అది వచ్చి మెడ పక్కన ముడుచుకోవాలి. గురగురగురమని మొదలుపెట్టాలి. అది వింటూ వింటూ వకుళ కళ్ళు మూతలు పడాలి. రోజూ ఇదే వరస.

అయితే ఆ వేసవిలో పటిక లావెక్కింది. పొట్ట కిందికి జారింది. గోడ ఎక్కాలంటే కాసేపు నిలబడి ఆలోచించుకునేది. వకుళ వాళ్ళ నాన్న చూసి, ఇది పిల్లో పొట్టేలో తెలియడం లేదని నవ్వాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ వకుళ ఊరుకోలేదు. పెద్ద ఆరిందాలా ఆలోచించి, పటికకి పోసే పాలు సగానికి సగం తగ్గించేసింది. ఎవరికీ చెప్పలేదు. పటిక గిన్నె నాకి నాకి, ఇంతేనా అన్నట్టు తలెత్తి చూసింది. "చాల్లే, నీ మంచికే" అంది వకుళ, అచ్చం వాళ్ళమ్మలాగే.

ఆ వీధికి ఏటా ఉగాది వెళ్ళాక దూదేకుల పీరయ్య వచ్చేవాడు. భుజాన తనకంటే పొడుగు విల్లు ఒకటి ఉండేది. అది బాణాలు వేసే విల్లు కాదు, దూది ఏకే విల్లు. ఏడాదంతా జనం పడుకుని పడుకుని గడ్డకట్టించిన పరుపుని విప్పేవాడు. లోపలి దూదిని టంగు టంగుమని ఏకేవాడు. అప్పుడా దూది పాలు పొంగినట్టు పొంగి అరుగంతా నిండిపోయేది. ఆ తర్వాత దాన్ని మళ్ళీ పరుపు గుడ్డలో కూరి కుట్టేవాడు. కుట్టేవాడు గానీ, ఒక మూల జానెడు మాత్రం కుట్టకుండా వదిలేసేవాడు. మూడు రోజులు ఎండలో పెట్టాలి. ఎక్కడైనా తగ్గితే ఇంకాస్త దూది కూరాలి. అప్పుడే మూతి కుట్టాలి. ఆ వీధిలో అదీ పద్ధతి.

ఆ ఏడు మొదటిరోజు పీరయ్య రెండే పరుపులు చేశాడు. ఒకటి వకుళ వాళ్ళది. రెండోది ఎదురింటి మామ్మగారిది.

మామ్మగారి అసలు పేరు వీరరాఘవమ్మగారు. అంత పేరు పలికే ఓపిక లేక వీధంతా మామ్మగారనే అనేది. ఆవిడకి పిల్లులంటే పడదు. తన అరుగు మీద ఇంకొకరు కూర్చుంటే అంతకన్నా పడదు. పటిక అటువైపు తొంగిచూస్తే చాలు, చీపురు విసిరేది. విసిరీ విసిరీ ఆవిడ చేతికి మంచి అలవాటైంది గానీ, చీపురు మాత్రం ఒక్కసారీ తగల్లేదు.

ఆవిడ చిరాకుకీ ఒక కారణం ఉందిలే. ఆరేళ్ళుగా ఆవిడకి కంటినిండా నిద్ర లేదు. వాళ్ళాయన ఉన్నన్నాళ్ళూ రాత్రయితే ఒకటే గురక. పెళ్ళైన కొత్తలో ఆ గురకకి నిద్రపట్టక ఏడ్చిందట పాపం. తర్వాత తర్వాత అలవాటైంది. నలభై ఏళ్ళు ఆ గురక విన్నాక, ఒకరోజు ఆయన పోయాడు. అప్పటినుంచీ ఇల్లు మరీ చప్పుడు లేకుండా అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆవిడకి కన్ను మూతపడేది కాదు. తప్పంతా పరుపుదేనని, ఏటా అందరికంటే ముందు తనే దూది ఏకించుకునేది.

ఊఁ కొడుతున్నావా? సరే.

ఆ రోజు పొద్దుగూకింది. రెండిళ్ళవాళ్ళూ పరుపులు లోపల పెట్టుకున్నారు. వకుళ పాలగిన్నె పట్టుకుని పటికని పిలిచింది. పటిక రాలేదు. గిన్నె నేలకేసి టకటకలాడించింది. అయినా రాలేదు. వస్తుందిలే పడుకోమంది అమ్మ. వకుళ పడుకుంది. కొత్తగా ఏకిన పరుపు మెత్తగా ఉంది, మెడ పక్కన మాత్రం ఖాళీగా ఉంది. ఆ పిల్లకి ఒకటే దిగులు. పాలు తగ్గించానని అలిగి వెళ్ళిపోయింది, ఇక రాదు అనుకుంది. తెల్లవార్లూ అటు దొర్లి ఇటు దొర్లింది.

తెల్లారగానే మొహమైనా సరిగ్గా కడుక్కోకుండా వెతకడానికి బయల్దేరింది.

మొదట పాల శేషయ్య దొడ్డికి పోయింది. మా ఇంట్లో పాలు చాలక ఇక్కడికి వచ్చి ఉంటుందని ఆ పిల్ల లెక్క. దొడ్డి గోడ వెనకాల తెల్లగా ఏదో ముడుచుకుని ఉంది. వకుళ మెల్లగా వెళ్ళి రెండు చేతులతో పట్టుకుంది. తీరా చూస్తే అది శేషయ్య ఉతికి ఆరేసిన తలగుడ్డ, గాలికి ఎగిరి అక్కడ పడింది. శేషయ్య తలగుడ్డ దులిపి నెత్తికి చుట్టుకుని, పద నేనూ వెతుకుతానన్నాడు.

ఆ తర్వాత కాంపౌండరు ఆనందరావు ఇంటికి పోయారు. వాళ్ళ అటక మీద పొద్దుటినుంచీ ఏదో కదులుతోందని ఆయన భార్య చెప్పింది. ఆయన ఊరందరికీ సూదులు పొడుస్తాడు గానీ అటక అంటే ఆయనకే భయం. అయినా పిల్ల ముందు బయటపడలేక స్టూలు వేసుకుని ఎక్కాడు. తల లోపల పెట్టాడు. రెండు తుమ్ములు తుమ్మాడు. అటక మీదినుంచి ఒక ఎలుక దూకి పారిపోయింది. ఆయన మొహం నిండా సాలెగూడుతో, చేతిలో ఒక చెప్పుతో కిందికి దిగాడు. పోయినేడు పోయిన చెప్పు దొరికింది గానీ పిల్లి దొరకలేదు. ఇంత ధైర్యంగా ఎలుక తిరుగుతోందంటే పటిక ఈ చుట్టుపక్కల లేనట్టే కదా అని వకుళకి ఏడుపొచ్చింది. ఆనందరావు ఆ ఒంటి చెప్పు అరుగు మీద పెట్టి, తనూ వెంట నడిచాడు.

మిగతా ఇళ్ళూ చూశాక, ఇక మిగిలింది మామ్మగారిల్లు. అక్కడికి పటిక వెళ్ళదని అందరికీ తెలుసు. అయినా వీధిలో ఆ ఒక్క ఇల్లే మిగిలింది.

వెళ్ళి చూస్తే మామ్మగారి తలుపు వేసి ఉంది. పొద్దెక్కి పదయింది. రోజూ తెల్లవారకముందే అరుగు మీద కూర్చుని, వీధిలో పోయే ప్రతివాళ్ళనీ ఎక్కడికని అడిగే మనిషి. శేషయ్య పొద్దున గడప దగ్గర పెట్టి వెళ్ళిన పాలచెంబు మూత కూడా తీయకుండా అలాగే ఉంది. తలుపు కొట్టారు. పలకలేదు. పిలిచారు. పలకలేదు. అప్పుడు అందరికీ గుండె జారింది. పిల్లి సంగతి మరిచిపోయారు. వకుళ వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. వేరే ఇంటి పరుపు విప్పుతున్న పీరయ్య విల్లు కింద పడేసి వచ్చాడు.

దొడ్డివైపు తలుపు దగ్గరగా వేసి ఉంది. దాన్ని తోసుకుని లోపలికి వెళ్ళారు. మామ్మగారు మంచం మీద, కొత్తగా ఏకిన పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉంది. నోరు తెరుచుకుని ఉంది. వకుళ వాళ్ళమ్మ భుజం పట్టి కుదిపింది.

మామ్మగారు ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. "ఎవరే నన్ను లేపింది? ఆరేళ్ళ తర్వాత ఇప్పుడు కదే నిద్రపోతున్నాను."

అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆవిడ జుట్టు ముడేసుకుంటూ చెప్పింది. రాత్రి పరుపు మీద వాలగానే కాళ్ళ వైపునుంచి ఏదో సన్నగా వినపడిందట. గురగురమని, ఆగకుండా. పక్కన ఆయనే ఉన్నట్టు అనిపించిందట. ఇంకేముంది, పొద్దెక్కిందాకా ఒళ్ళు తెలియలేదట. ఇది చెబుతుంటే ఆవిడ గొంతు మెత్తబడింది. ఆ గొంతు అంత మెత్తగా ఉండగలదని వీధిలో ఎవరికీ తెలియదు.

పీరయ్య ఛాతీ విరుచుకున్నాడు. తన చేత్తో ఏకిన దూది అంటే అలాగే ఉంటుందన్నాడు.

వకుళ మాత్రం మెల్లగా మంచం కాళ్ళవైపు వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుంది. పరుపుకి చెవి ఆనించింది. గురగురగుర. ఆ పిల్లకి తెలియని చప్పుడా అది? కుట్టకుండా వదిలిన మూలలోంచి చెయ్యి లోపల పెట్టింది. లోపల వెచ్చగా ఉంది. గరుకు నాలుక ఒకటి వేళ్ళు నాకింది.

పీరయ్య వంగి మూతి వెడల్పు చేసి చూశాడు. తెల్లటి దూదిలో తెల్లటి పటిక. దాని పొట్ట దగ్గర మూడు పిల్లలు, ఇంకా కళ్ళు తెరవనివి, చుక్ చుక్ మని పాలు తాగుతున్నాయి. నిన్న పరుపు అరుగు మీద ఎండుతుంటే, ఇంతకంటే మెత్తటి పురిటిగది దొరకదని ఆ మూలలోంచి దూరింది. ముక్కు బయటికి పెట్టుకుని హాయిగా పడుకుంది.

వకుళ ఒక్కసారిగా బావురుమంది. "నేనే దాని పాలు సగం చేశాను. లోపల ముగ్గురున్నారని నాకు తెలీదు."

మామ్మగారు లేచి వంటింటివైపు నడిచింది. శేషయ్య ఆనందరావు వైపు చూశాడు. చీపురు అక్కడే ఉంటుందని ఇద్దరికీ తెలుసు. వకుళ పరుపుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

మామ్మగారు చీపురు తేలేదు. ఒక వెండిగిన్నె తెచ్చింది. గడపలో ఉన్న పాలచెంబు తెమ్మని శేషయ్యకి చెప్పింది. చెంబు వకుళ చేతికిచ్చి, "నిండా పొయ్యవే పిల్లా. బాలింత అది" అంది.

వకుళ పోసింది. పటిక తల మాత్రం బయటికి పెట్టి, గిన్నె అడుగు కనపడేదాకా తాగింది. తాగి, ఒకసారి వకుళ చెయ్యి నాకి, మళ్ళీ లోపలికి పోయింది. అలక లేదు, ఏమీ లేదు. వకుళ కళ్ళు తుడుచుకుని నవ్వింది.

అప్పుడే పిల్లల్ని కదపకూడదన్నాడు పీరయ్య. కదిపితే తల్లి బెదిరి ఎక్కడెక్కడో దాచేస్తుందన్నాడు. దాంతో మామ్మగారు పరుపుని కిందకి దింపించి, ఆ పక్కనే తను చాప వేసుకుంది. సాయంత్రానికి వకుళ దిండు చంకలో పెట్టుకుని వచ్చేసింది. అటు మామ్మగారు, ఇటు వకుళ, మధ్యలో పరుపు. అది గురగురమనేది, ఇద్దరూ నిద్రపోయేవారు.

మూడోరోజు పీరయ్య మూతి కుట్టడానికి సూదీ దారం పట్టుకుని వచ్చాడు. మామ్మగారు వేలు నోటి మీద పెట్టి వెనక్కి పంపేసింది. వారం పోయాక మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పంపేసింది. మూడోసారి వచ్చినప్పుడు పిల్లలు కళ్ళు తెరిచి అతని దారపుండని ఇల్లంతా దొర్లించాయి. ఇక అతను సూది పక్కన పెట్టేసి వాటితో ఆడుకుంటూ కూర్చున్నాడు.

నెల దాటాక ఒకరోజు పటిక ఒక పిల్లని నోట కరుచుకుని వీధి దాటి వకుళ ఇంట్లో దింపింది. ఆ తర్వాత వెళ్ళి రెండోదాన్ని తెచ్చింది. ఆ తర్వాత మూడోదాని కోసం వెళ్ళింది. వకుళ వెనకాలే వెళ్ళి చూసింది. మామ్మగారు అరుగు మీద కూర్చుని ఉంది. మూడోది ఆవిడ ఒళ్ళో బోర్లా పడి గురగురమంటోంది. ఆవిడ దాన్ని పట్టుకోలేదు. రెండు చేతులూ పక్కకి పెట్టుకుని, తీసుకుపోతే పొమ్మన్నట్టు కూర్చుంది. కళ్ళలో మాత్రం నీళ్ళు.

పటిక ఆవిడ మొహంలోకి చూసింది. పిల్లని రెండుసార్లు నాకింది. తర్వాత తోక ఎత్తుకుని ఒక్కతే ఇంటికి వచ్చేసింది. పాలిచ్చే వేళకి మాత్రం తనే వెళ్ళి ఇచ్చి వచ్చేది. ఆ రాత్రి వకుళ మెడ పక్కన ముడుచుకుని గురగురమంది. గిన్నె నిండా పాలు ఉన్నాయి.

మరి మామ్మగారి పిల్లి పేరేమిటని వీధి వీధంతా అడిగింది. ఆవిడ చెప్పేది కాదు. ఒకరోజు పొద్దున్నే వకుళ తలుపు సందులోంచి వింది. మామ్మగారు వెండిగిన్నె కింద పెట్టి, కొంగు సర్దుకుని, "ఏమండీ, పాలు చల్లారిపోతున్నాయి. తాగండి" అంటోంది.

వకుళ ఎవరికీ చెప్పలేదు. నవ్వుకుంటూ ఇంటికొచ్చేసింది.

పీరయ్య మాత్రం ఆనాటినుంచీ ఏ పరుపు మూతి కుట్టినా, ముందు వంగి మూడుసార్లు అడిగేవాడు. అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్ళూ అలాగే అడిగారు. పొద్దున మనింటికొచ్చిన ఆయనా అందుకే అడిగాడు. లోపల ఎవరూ లేరులే, నేనూ చెయ్యి పెట్టి చూశాను.

ఊఁ ఆగిపోయిందే. పడుకున్నావా తల్లీ? సరే, మిగిలింది నెమ్మదిగా చెబుతాను.

కథ వెళ్ళె కంచికి,
పిల్లి చేరె ఇంటికి,
కునుకు వచ్చె కంటికి.