చింతగింజలతో తేలిన చెరువు నీళ్లు

అనగా అనగా, మూడు ఊళ్ల పొలాలకు ఒకటే చెరువు ఉండేది. ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. చెరువు సగానికి సగం ఎండింది. ఉన్న నీళ్లు మూడు ఊళ్లకూ పంచమని రాజుగారు ఆజ్ఞ ఇచ్చారు. ఆయన చెప్పిన వాటాల్ని ముగ్గురు లేఖకులు మూడు తాటాకుల మీద ఎవరికి తోచిన తీరులో వాళ్లు రాసి పంపారు.

ఎగువూరి ఆకు మీద "నూటికి నలభై" అని ఉంది. నడిమూరి ఆకు మీద సున్నా, చుక్క, మూడు, అయిదు ఉన్నాయి. దిగువూరి ఆకు మీద "నాలుగింట ఒకటి" అని ఉంది.

నడిమూరి పెద్ద చెంచయ్య మొదటి సున్నా చూసే నీరుగారిపోయాడు. దిగువూరి పెద్ద బసవన్న, వాళ్లకు నలభై, మాకు ఒకటా అని కుమిలిపోయాడు.

ఎగువూరి పెద్ద కోదండయ్య లెక్క తెలిసినవాడు. జాలిపడుతున్నట్టు వచ్చి, ఆకులు తనకిచ్చేస్తే చెంచయ్యకు నూటికి ముప్పై, బసవన్నకు నూటికి ఇరవై ఇస్తానన్నాడు. ఇద్దరూ ఆయనకు దణ్ణం పెట్టి, వేలిముద్ర వేయడానికి సిద్ధపడ్డారు.

చెరువు తూముకు కావలి ఉండే ఈరమ్మ ఇదంతా వింటోంది. ఆ పని ఆమెకు ఇప్పించింది కోదండయ్యే. కాదంటే ఊడగొట్టగలడు కూడా. అయినా పుట్టిన సందేహం ఆమెను నిలవనివ్వలేదు.

"అయ్యా, నలభై అంటే ఎన్నింటిలో నలభై?" అని అడిగింది.

నూరింటిలో, అన్నాడు కోదండయ్య ముక్తసరిగా.

"మరి వీళ్ల అంకెలు ఎన్నింటిలో?"

ఈరమ్మ నూరు చింతగింజలు తెచ్చి, వరుసకు పది చొప్పున పది వరుసలు పేర్చింది. ఈ నూరూ చెరువులోని నీళ్లనుకోమంది.

గింజల్ని నాలుగు సమాన కుప్పలు చేస్తే, ఒక్కో కుప్పలో ఇరవై అయిదు వచ్చాయి. అది దిగువూరి వాటా. దాన్ని పక్కన పెట్టి, మిగతా గింజల్ని మళ్లీ పదేసి చొప్పున వరుసలు పేర్చింది. చుక్క తర్వాతి మొదటి అంకె పదో వంతులు, కాబట్టి మూడు నిండు వరుసలు. రెండో అంకె నూరో వంతులు, కాబట్టి అయిదు గింజలు. నడిమూరి వాటా ముప్పై అయిదు. ఎగువూరికి నలభై తీసిపెడితే ఒక్క గింజా మిగల్లేదు, ఒక్క గింజా తక్కువ పడలేదు.

తర్వాత ఆమె రెండు చిన్న కుప్పల నుంచీ అయిదేసి గింజలు తీసి, నలభై పక్కన పెట్టింది.

"కోదండయ్యగారు చెప్పిన బేరం ఇదయ్యా. ఆయనకు సగం చెరువు."

బసవన్న తన కుప్పలోంచి తీసిన అయిదు గింజల్ని వేలితో చూపించాడు. "ఈ అయిదూ మా ఊరి కొస పొలాలమ్మా," అన్నాడు.

కోదండయ్య తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆకుల్లో రాసినట్టే తూము తెరుచుకుంది. ఈ సంగతి రాజుగారి దాకా పోయింది. ఇకమీదట వాటాలన్నీ ఒకే తీరులో రాయించి, మూడు ఊళ్ల ముందూ చదివే పని ఆయన ఈరమ్మకే అప్పగించారు.

అంకె పెద్దదా చిన్నదా అని చూసే ముందు, అది ఎన్నింటిలోదో అడిగి తెలుసుకోవాలి.