బుల్లెబ్బాయి బుర్ర గట్టిపడిన వైనం

పచ్చళ్ళ బుల్లెబ్బాయి ఇంట్లో ఉన్నది ముగ్గురే గానీ, వాళ్ళ తెలివి ఊరందరికీ పంచినా మిగులుతుంది. ఆ మాట ఇంకెవరూ అనలేదు కనుక పాపం వాళ్ళే రోజూ అనుకునేవాళ్ళు. బుల్లెబ్బాయి అంటే, "నిజమేనండీ" అనేది భార్య కాసులమ్మ. "నేనూ అదే అనుకుంటున్నానన్నయ్యా" అనేవాడు తమ్ముడు పేర్రాజు.

అంత తెలివైన బుల్లెబ్బాయి బండి లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాడు. రోడ్డు మీది గుర్తులన్నీ కూర్చుని చదువుతాడు, లేచేసరికి ఒక్కటీ గుర్తుండదు. పచ్చళ్ళు సంతకి తోలుకెళ్దామని మోజుపడి కొన్న ట్రాలీ ఆటో వాకిట్లో కోళ్ళకి గూడైపోయింది. దాన్ని చూస్తే అతనికి ఏడుపొచ్చేది. ఎల్లుండే మూడో పరీక్ష!

డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

"ఏం లేదయ్యా, మెదడులో కొన్ని రసాయనాలుంటాయి" అన్నాడాయన. "సంతోషంగా చదివితే మంచిది పుట్టి, చదివింది నిలుస్తుంది. భయపడితే ఇంకోటి పుట్టి అడ్డం పడుతుంది. చదివాక కంటినిండా నిద్రపో. జ్ఞాపకం గట్టిపడేది నిద్రలోనే."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు.

"లోపల రసాయనాలుంటే తల జాడీయే కదా వదినా!" అన్నాడు పేర్రాజు.

"జాడీకి తడి తగిలితే బూజు పట్టదూ?" అంది కాసులమ్మ.

అంతే, బుల్లెబ్బాయికి స్నానం బందు. తర్వాత సంతోషం సంగతి చూశారు. తమ్ముడు రోడ్డు గుర్తు బొమ్మ చూపించడం, భార్య చక్కిలిగింతలు పెట్టడం.

"హిహ్హిహ్హీ... కుడి మలుపూ! హొహ్హొహ్హో... ఇరుకు వంతెనా!"

నవ్వీ నవ్వీ బుల్లెబ్బాయికి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "అయ్యో అయ్యో, జాడీలో నీళ్ళు!" అని గొల్లుమంది కాసులమ్మ. ఇంకేముంది, మామిడి ముక్కల్లా తలని ఎండలో పెట్టారు, అటు గంట, ఇటు గంట. మాడు మాడిపోతున్నా, లైసెన్సు కోసం అలాగే కూర్చున్నాడు పాపం.

పరీక్ష రోజు తెల్లారింది. మెలకువ వచ్చినా కళ్ళు తెరవడానికి బుల్లెబ్బాయికి భయమేసింది.

"గట్టిపడిందేమో చూడవే" అన్నాడు.

కాసులమ్మ నెత్తి మీద టకటకా కొట్టి చూసింది. "పైన గట్టిగానే ఉందండీ. లోపల సంగతి తెలీదు. ఇంకాస్త పడుకోండి."

అంతే, మనిషిని మంచంతో సహా ట్రాలీ ఎక్కించారు. లైసెన్సు లేకుండా నడిపితే తప్పు కదా, అందుకని ఆఫీసు దాకా ఇద్దరూ తోసుకుంటూ పోయారు.

ఆఫీసరు మంచాన్ని చూశాడు, మనిషిని లేపాడు, ఒక బొమ్మ చూపించాడు. బుల్లెబ్బాయికి మళ్ళీ భయం పట్టుకుంది. ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు! ఇది చూసి పేర్రాజు చటుక్కున అన్న చంకలో వేళ్ళు పెట్టాడు.

"హిహ్హీ... హారన్ కొట్టరాదు!"

ఇంకో బొమ్మ, ఇంకో చక్కిలిగింత. "హొహ్హో... ముందు బడి ఉంది!"

అన్నీ కరెక్టే! ఆఫీసరు పొట్ట పట్టుకుని నవ్వి, ఫొటో అంటించిన లైసెన్సు కాగితం చేతిలో పెట్టాడు.

"ఇది ఆరు నెలలు పనికొస్తుంది. పాడవకుండా దాచుకో."

బుల్లెబ్బాయి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంటికెళ్తూ, "ఆరు నెలలేనంట! మన చేతిలో పడ్డాక ఏడాదైనా ఉంటుంది" అని మీసం మెలేశాడు.

మర్నాడు భార్యనీ తమ్ముణ్ణీ ఎక్కించుకుని దర్జాగా సంతకి బయల్దేరాడు. నాలుగు రోడ్ల దగ్గర పోలీసు ఆపాడు.

"లైసెన్సేదీ?"

"ఆయ్, ఉందండి!" అని బుల్లెబ్బాయి సీటు కింద నుంచి చిన్న జాడీ తీసి, మూత తెరిచాడు. ఘాటుకి పోలీసు నాలుగు తుమ్ములు తుమ్మి లోపలికి చూశాడు. ఎర్రటి నూనెలో, ఆవపిండి మధ్యలోంచి, ఫొటోలోని బుల్లెబ్బాయి నవ్వుతున్నాడు.

పోలీసు చెయ్యి పెట్టబోయాడు. కాసులమ్మ అడ్డుపడి, గరిటెతో కాగితం అంచు నొక్కి చూసింది.

"ఎల్లుండి రండి బాబూ, ముక్క ఇంకా మెత్తబడలేదు."