అందరి మడిలోని విత్తనపు కాయ

అనగనగా ఓ అడవి. ఆ అడవిలో ప్రతి జంతువుకీ ఓ పెరడు, ప్రతి పెరట్లో కూరపాదులు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను! ఇవి కాక, అడవి నడిమధ్య అందరూ కలిసి సాగుచేసే తోట ఇంకొకటి ఉండేది. దాన్ని 'అందరి మడి' అనేవారు.

వానలు వెనకబట్టాక ఏటా ఒక సాయంత్రం అందరూ కలిసి తోటలు చూడ్డానికి బయల్దేరేవారు. ఒక్కో పెరట్లో ఆగడం, ఇంటివాళ్ళు కోసిపెట్టింది తలో ముక్క తినడం, పొద్దుగూకే వేళకు అందరి మడికి చేరడం. అదీ వాళ్ళ ఆచారం.

మడిలో ఒక సొరకాయకు అరటినార కట్టి ఉంచేవారు. అది విత్తనపు కాయ. తీగ మీదే ముదిరి, ఎండి, ఊపితే గింజలు గలగలమనేదాకా దాన్నెవరూ ముట్టుకోకూడదు. ఆ ఏడు సొరపాదులకు పురుగు తగిలింది. విత్తనానికి మిగిలింది ఆ ఒక్క కాయే, అదీ ఇంకా పచ్చిగానే ఉంది.

ఇక మన ఎలుగుబంటి నూకాలు సంగతి. మంచిదే, కానీ కోతలు కోయడంలో దానికి సాటి లేదు. "మా పందిట్లో సొరకాయను మొయ్యాలంటే ఇద్దరు కావాలి!" అని నెల్లాళ్ళుగా అడవంతా టముకు వేసింది. తీరా పందిట్లో ఉన్నదేమిటి? ఆకు. ఎరువు మోతాదు మించడంతో పాదు ఏపుగా పెరిగింది గానీ పిందె ఒక్కటీ నిలవలేదు. పైన పటారం, లోన లొటారం!

ఆ రోజు రానే వచ్చింది.

"కాయ లేదంటే నా పరువేం కావాలి?" అనుకుంది నూకాలు.

మధ్యాహ్నం కాపలా ముంగిస గవరయ్య అన్నానికి వెళ్ళిన వేళ చూసి మడిలో దూరింది. నార విప్పేసి విత్తనపు కాయను తుంచుకొచ్చింది. తన పందిరికి వేలాడదీసింది.

"అందరూ చూసి ముచ్చటపడతారు. వాళ్ళు మడికి చేరేలోగా అడ్డదారిన పరుగెత్తి మళ్ళీ తీగకు కట్టేస్తాను," అనుకుంది. తుంచిన కాయ తిరిగి అతుక్కుంటుందా? ఆ ఎలుగుబంటి బుర్రకు అది తట్టనే లేదు.

సాయంత్రమైంది. మొదట కుందేలు పైడమ్మ పెరడు. గోంగూర తిన్నారు, బాగుందన్నారు. తర్వాత తాబేలు సన్యాసయ్య పెరడు. చేమదుంపలు తిన్నారు, బాగున్నాయన్నారు. మూడోది నూకాలు పెరడు. అక్కడ అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

"ఓలమ్మో, ఎంత కాయ!" అంది పైడమ్మ. "అందరి పాదులూ పోతే నీకెలా కాసిందక్కా?"

"చేతి చలవ," అంది నూకాలు.

"మరి చూస్తావేం? కొయ్యి! తలో ముక్కా పెట్టు!"

కోయడమా? ఆచారం ఉందన్న మాటే నూకాలుకు ఆ హడావిడిలో గుర్తు లేదు. పెట్టనంటే పిసినారి అంటారు. పెడితే ఇంకేముంది?

"రేపు కోద్దామే," అంది నీళ్ళు నములుతూ.

"రేపెవడు వస్తాడు?" అని అందరూ నవ్వారు. ఎవరో కాయ దించారు, ఎవరో కోశారు. చూస్తుండగానే తొక్క మిగిలింది. నూకాలు తన ముక్కను చేతిలోనే పట్టుకుని నిలబడింది. తినలేక, పారేయలేక అలాగే పట్టుకుని వాళ్ళ వెంట నడిచింది.

అక్కణ్ణుంచి అందరూ మడికి చేరారు. తీగ ఉంది. కాయ లేదు. అరటినార నేల మీద పడి ఉంది.

పైడమ్మ లబోదిబోమంది. "వచ్చే ఏటి విత్తనం! గవరయ్యా, ఏం చేశావురా?"

గవరయ్య ముందుకొచ్చాడు. "నాకేం తెలీదు తల్లీ! అన్నానికెళ్ళి, అట్నుంచటే మీ వెంట వచ్చేశాను, అంతే!"

"నువ్వే తినేసుంటావు! ఇలాంటివాడు అడవిలో ఉండకూడదు, వెళ్ళగొట్టండి!" అని అందరూ మీదపడ్డారు.

సన్యాసయ్య చెయ్యెత్తాడు. "ఆగండి. ఎవరైనా చూశారా?"

నూకాలు చేతిలోని ముక్కను వెనక దాచుకుంది.

"ఎవరికైనా తెలుసా?"

నూకాలు తల దించుకుంది.

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఎవరూ చెప్పకపోతే గవరయ్య ఈ అడవి వదిలి పోవాల్సిందే."

గవరయ్య ఏడవలేదు. తన కాపలా కర్రను తుడిచి మడిగట్టున పెట్టి, పోవడానికి వెనక్కి తిరిగాడు. అది చూసి నూకాలు తట్టుకోలేకపోయింది.

"వాడు కాదు తాతా! నేనే. మీరందరూ మా ఇంట్లో తిన్నది ఆ కాయే!"

కొందరు తూ తూ అని ఉమ్మేశారు. రేపటి పంటను తమ నోటితో తామే నమిలి మింగారు మరి!

పైడమ్మకు ఆశ చావలేదు. నూకాలు చేతిలోని ముక్కను లాక్కుంది. "గింజలున్నాయిగా! ఇవే నాటుకుందాం!"

సన్యాసయ్య ఒక గింజను గోటితో నొక్కాడు. అది చిట్లి నీరు కారింది.

"లేత గింజమ్మా. మొలవదు."

నూకాలు ఆయన ముందు కూలబడింది. "నా పందిట్లో ఒక్క పిందె కూడా లేదు తాతా. లేదని చెప్పడానికి సిగ్గేసింది."

సన్యాసయ్యకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది.

"పిచ్చిదానా! ఒకప్పుడు మూడేళ్ళు నా పెరట్లో ఒక్క దుంప ఊరలేదు. ఆ మూడేళ్ళూ నేనేం తిన్నాననుకున్నావు? ఈ మడిలో కూరే. లేనివాళ్ళ కోసమే కదే దీన్ని పెట్టుకున్నది! ఒక్క మాట అడిగుంటే, నీ వాటా కూర నీ గుమ్మంలో పెట్టేవాళ్ళం."

ఈ సంగతి నూకాలుకు ఇన్నేళ్ళూ తెలియదు. ఎన్నడైనా అడిగితే కదా తెలిసేది!

గవరయ్యకు అందరూ క్షమాపణ చెప్పుకున్నారు. కానీ పోయిన విత్తనం తిరిగి రాలేదు. మరుసటి ఏడు ఆ అడవిలో ఏ పందిరి మీదా ఒక్క సొరపువ్వు పూయలేదు.

నీతి: లేదని చెప్పుకోవడానికి సిగ్గుపడి గొప్పకు పోతే, మనది మాత్రమే కాదు, పదిమందిదీ పోతుంది.